కొండ దిగిన కబురు

శృంగవరపుకోటలో ఏ డాబా ఎక్కి చూసినా టీవీ గొడుగులన్నీ సముద్రం వైపే ముఖం పెట్టి ఉంటాయి. కొన్ని ఆగ్నేయానికి, కొన్ని నేరుగా దక్షిణానికి. నేరుగా దక్షిణం చూసేవాటి గురి 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిచిన ఉపగ్రహం. ఆ రేఖాంశం దాదాపు కోట మీదుగానే పోతుంది. 2022 జూన్‌లో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఎగిరిన మన జీశాట్-24 ఉండేది అక్కడే, భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున. భూమి తిరిగే వేగంతోనే తనూ తిరుగుతుంది కాబట్టి మన కంటికి కదలనట్టే లెక్క. గొడుగు ఒకసారి బిగిస్తే చాలు, మళ్లీ తిప్పక్కర్లేదు.

ఇంటిమీది ఆ గొడుగు బొమ్మను తెస్తుంది గానీ మన మాటను పైకి తీసుకెళ్లదు. మాటను కూడా పైకి పంపగలిగే గొడుగు వేరే ఉంది. చూడ్డానికి అలాగే ఉంటుంది, కాస్త పెద్దది, మనిషి చేతులు చాపినంత వెడల్పు. ముందున్న కొమ్ముకు సంకేతాన్ని అందుకునే డబ్బాతో పాటు పంపే డబ్బా కూడా ఉంటుంది. దాన్ని వీశాట్ అంటారు. బ్యాంకుల ఏటీఎంల నెత్తిన చూసే ఉంటారు. ఫైబర్ తీగ వెళ్లలేని కొండ మీద, టవరుకు టవరు కనిపించని లోయలో, గనిలో పనిచేసే మనిషిని అతని ఇంటితో కలిపేది అదే. కోట వంటి ఊరికి దాని విలువ తెలిసినంతగా చాలా ఊళ్లకు తెలియదు. ఎందుకంటే ఈ ఊరు ఇనుప ఖనిజం దారిలో ఉంది.

కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల కె.కె. లైను. బైలదిల్లా కొండల ఇనుమును విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి 1960ల్లో, ఆ జపాన్‌తో కుదిరిన ఒప్పందం మీద, తూర్పు కనుమలను తొలిచి వేసిన లైను అది. మొత్తం 58 సొరంగాలు. కొత్తవలసలో బయల్దేరిన బండి మల్లివీడు, లక్కవరపుకోట దాటి శృంగవరపుకోట చేరుతుంది. బొడ్డవర దాటాక ఘాట్ మొదలు. శిమిలిగుడ దగ్గర లైను 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అక్కడి నుంచి అరకు, కోరాపుట్, జైపూర్, జగ్దల్‌పూర్, దంతెవాడ, బచేలి, కిరండూల్. విశాఖలో పొద్దున్నే ప్యాసింజరెక్కినవాడు కిరండూల్‌లో దిగేసరికి రాత్రే.

బైలదిల్లాలో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ, అంటే ఎన్ఎండీసీ, 14వ నిక్షేపంలో పని మొదలుపెట్టింది 1968లో. బచేలి దగ్గర 5వ నిక్షేపం 1977లో మొదలైంది. సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో. ఖనిజం దిగేది విశాఖలో. మనుషులు వెళ్లింది మాత్రం అంతటి నుంచీ. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఫిట్టర్లు, వెల్డర్లు, డ్రైవర్లు, కాంటీన్ కుర్రాళ్లు, మేస్త్రి వెంట వెళ్లిన కూలీలు ఆ లైను పట్టుకునే పైకెళ్లారు. కిరండూల్, బచేలి బజార్లలో తెలుగు వినబడుతుందంటే కారణం ఆ రైలే. బచేలి పైన కొండ కొమ్ము మీద కట్టిన కాలనీ పేరు ఆకాశనగర్. పేరుకు తగ్గట్టే ఏడాదిలో సగం రోజులు మబ్బులో ఉంటుంది.

కార్డు ముక్క, ట్రంకు కాల్

తొలి రోజుల్లో కబురంటే పోస్టుకార్డే. అది వచ్చేది కూడా ఆ బండిలోనే. వానాకాలం ఘాట్‌లో బండరాళ్లు జారి లైను మూతపడితే ఖనిజంతో పాటు ఉత్తరాలూ ఆగిపోయేవి. ట్రంకు కాల్ బుక్ చేసి పోస్టాఫీసు అరుగు మీద గంటల తరబడి కూర్చున్నవాళ్లు కోటలో ఇంకా ఉన్నారు. టెలిగ్రాం వచ్చిందంటే చదవకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది, మంచి కబురుకు టెలిగ్రాం ఖర్చు పెట్టేదెవరని. 1978 ఏప్రిల్ 5న కిరండూల్‌లో ఉపాధి పోయిన కాంట్రాక్టు కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. పైన మనిషి ఉన్న ఇంటికి అలాంటి రోజున పత్రికలూ రేడియోలే దిక్కు. మావాడు బతికున్నాడా అన్న ప్రశ్నకు వాటి దగ్గర జవాబుండదు.

సెల్‌ఫోను వచ్చాక మైదానంలో బతుకు మారిపోయింది, కొండ మీద అంత త్వరగా మారలేదు. టవరు నిలబెట్టడంతో పని అయిపోదు. టవరు నుంచి మాటను ఎక్స్చేంజికి చేర్చే దారి కావాలి. మైదానంలో అది నేలలో పాతిన ఫైబర్. బస్తర్ అడవుల్లో ఫైబర్ తవ్వితే కోశారు, టవరు కడితే తగలబెట్టారు. పోలీసులకూ మావోయిస్టులకూ మధ్య యుద్ధంలో ఫోను టవరు కూడా ఒక గురి అయింది. లైను మీద రైలు పట్టాలు తొలగించిన సందర్భాలు లెక్కకు మిక్కిలి.

2014లో కేంద్ర మంత్రివర్గం తీవ్రవాద ప్రభావిత జిల్లాల్లో టవర్లు వేయాలని నిర్ణయించింది. ఆ పని బీఎస్ఎన్ఎల్‌కు అప్పజెప్పారు. తొలి దశలో నిలిచినవి 2,343. చాలావాటికి కరెంటు సోలార్ పలకలదే. ఫైబర్ గానీ మైక్రోవేవ్ గానీ అందని చోట్ల ఉపగ్రహమే దారి: టవరు పక్కనే ఒక వీశాట్ గొడుగు. అవి 2జీ టవర్లు, మాటకూ ఎస్ఎంఎస్‌కూ సరిపోయేవి. వాటిని 4జీకి మార్చాలని 2022 ఏప్రిల్‌లో మంత్రివర్గం మళ్లీ నిర్ణయించింది. అంతకుముందు 2021 నవంబరులోనే అయిదు రాష్ట్రాల్లో 44 ఆకాంక్షిత జిల్లాల్లోని 7,287 గ్రామాలకు సెల్ సిగ్నల్ ఇవ్వాలని తీర్మానించారు. ఆ జాబితాలో మన విజయనగరం, విశాఖ జిల్లాలూ ఉన్నాయి. రోడ్డు, బడి, ఆసుపత్రి లాగే సిగ్నల్ కూడా ప్రభుత్వం చేయాల్సిన పనేనని ఒప్పుకున్నట్టయింది.

అర సెకను

ఉపగ్రహం మీదుగా మాట్లాడటం ఎలా ఉంటుందో మాట్లాడినవాడికి బాగా తెలుసు. మాట కొండ మీది గొడుగు నుంచి 36 వేల కిలోమీటర్లు పైకెళ్లి, అంతే దూరం కిందికి దిగి, అక్కడి నుంచి తీగ పట్టుకుని కోటకు రావాలి. వెలుతురు వేగంతో వెళ్లినా పావు సెకను. జవాబు తిరిగొచ్చేసరికి అర సెకను దాటుతుంది.

"ఏటి, డూటీ నేదేటి ఇయ్యాల?" అని ఇటు భార్య అడుగుతుంది. అటు నుంచి ఏమీ వినబడదు. వినబడలేదనుకుని మళ్లీ అడుగుతుంది. సరిగ్గా అప్పుడే అతని జవాబు వచ్చి ఈమె ప్రశ్న మీద పడుతుంది. ఇద్దరూ ఆగిపోతారు. "చెప్పు," అంటాడతను. "మీరే చెప్పండి," అంటుందామె. ఆ రెండు మాటలూ మళ్లీ ఢీకొంటాయి. నాలుగు రోజులు ఇలా మాట్లాడాక ఇద్దరికీ పద్ధతి పడుతుంది: ఒకరు చెప్పడం ముగించి "ఆఁ" అంటారు, అప్పుడు రెండోవాళ్లు అందుకుంటారు. భార్యాభర్తలు కొత్తగా వంతులు నేర్చుకుంటారు. ఈ మాత్రానికే ఆ ఇంట్లో ఆ రాత్రి నిద్ర పడుతుంది.

జోరు వానలో గొడుగు చూపు మందగిస్తుంది. ఈ గొడుగులు ఎక్కువగా వాడే కేయూ బ్యాండ్ అలలను వానచినుకులు మింగేస్తాయి. బైలదిల్లాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే వాన మామూలు వాన కాదు. కొండచరియ జారేదీ, డంపరు చక్రం జారేదీ, జ్వరాలు పట్టేదీ ఆ నెలల్లోనే. అప్పుడే లింకు తెగుతూ ఉంటుంది. అందుకే గొడుగు పెద్దది పెట్టాలి, బ్యాటరీలు దండిగా ఉండాలి, నెలకోసారి ఎక్కి చూసే మనిషి ఉండాలి. గొడుగు పెట్టి ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లతో కార్మికుడికి ఒరిగేదేమీ లేదు.

సిగ్నల్ వచ్చాక మారినవాటిలో అందరూ చెప్పుకునేది వీడియో కాల్. పిల్ల ముఖం చూడటం గొప్ప సంగతే, కాదనను. కానీ కాంట్రాక్టు కార్మికుడి జేబును తాకేది ఓటీపీ. పీఎఫ్ డబ్బు తీసుకోవాలంటే ఓటీపీ, ఆధార్‌లో మార్పుకు ఓటీపీ, ఇంటికి డబ్బు పంపాలంటే ఓటీపీ. ఆ ఆరంకెలు కొద్ది నిమిషాలే బతుకుతాయి. సిగ్నల్ లేని కొండ మీద ఉన్నవాడికి అవి చచ్చిపోయాకే చేరతాయి. చెల్లెలి పెళ్లికి పీఎఫ్ తీయాలనుకున్నవాడు సెలవు పెట్టి, ఒక రోజు కూలి పోగొట్టుకుని, కిందికి దిగి ఇంటర్నెట్ షాపులో వంద రూపాయలిచ్చి ఆ పని చేయించుకోవాలి. షాపువాడికి పాస్‌వర్డూ ఇచ్చేయాలి. తన డబ్బు తను తీసుకోవడానికి ఇంత కష్టం! సిగ్నల్ ఉంటే అదే పని టీ తాగే విరామంలో అయిపోతుంది. ప్రభుత్వం తన లావాదేవీలన్నీ ఫోనులోకి మార్చేశాక, సిగ్నల్ లేనివాడికి జీతం ఉండీ లేనట్టే.

మెరుపు సంగతి కూడా చెప్పాలి. ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ కోసం రంధ్రాల్లో మందు కూరి ఉంచినప్పుడు కొండ మీద పిడుగు పడితే ఏమవుతుందో గని మనిషికి వేరే చెప్పక్కర్లేదు. పిడుగు వచ్చే ముందు హెచ్చరించే ఏర్పాట్లు మన దగ్గర బాగానే ఉన్నాయి: పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన దామిని యాప్, రాష్ట్ర విపత్తుల సంస్థ పంపే సందేశాలు. అవన్నీ సిగ్నల్ ఉన్న ఫోనుకే వస్తాయి. డాక్టరు సాయమూ అంతే. చిత్తూరు జిల్లా అరగొండలో 2000 సంవత్సరంలోనే ఉపగ్రహ గొడుగు పెట్టి పల్లె రోగిని నగర వైద్యుడికి చూపించారు. దేశంలో టెలిమెడిసిన్‌కు దారి చూపిన తొలి ఊళ్లలో అది ఒకటి. పాతికేళ్ల కిందట అరగొండలో సాధ్యమైనది ఈరోజు గని దగ్గరి ప్రథమ చికిత్స గదిలో లేదంటే దానికి సాంకేతిక కారణమేదీ లేదు.

ఒక హద్దు మాత్రం మరువకూడదు. ఉపగ్రహానికి ఆకాశం కనబడాలి. బైలదిల్లా, పంచపట్మాలి వంటివి పైనుంచి తవ్వే గనులు కాబట్టి నడుస్తుంది. సింగరేణి భూగర్భ గనిలో దిగినవాడికి నెత్తిన ఎన్ని ఉపగ్రహాలున్నా ఒకటే, రాయి ఆ అలలను రానివ్వదు. అక్కడ తీగలే వేయాలి. 2010లో చిలీలోని శాన్ హోసే గనిలో 33 మంది 69 రోజులు చిక్కుకున్నారు. బోరు వేసిన ఇనుప గొట్టానికి చీటీ కట్టి పంపితేనే వాళ్లు బతికున్నారని పైకి తెలిసింది. ఆ తర్వాత అదే రంధ్రంలోంచి ఫోను దించారు. ఉపగ్రహం పుణ్యాన ప్రపంచమంతా చూసింది. గనిలోకి మాట దించింది మాత్రం బోరు రంధ్రమూ తీగా.

హుద్‌హుద్ నాడు

2014 అక్టోబరు 12. ఆ రోజు తెగిపోయింది మన వైపు. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటి కోట మీదుగా కనుమల్లోకి వెళ్లింది. టవర్లు కూలాయి, కరెంటు స్తంభాలు పడుకున్నాయి, కె.కె. లైను మీద మట్టీ చెట్లూ. పైన గనిలో ఉన్నవాడు ఫోను పట్టుకుని ఇంటికి చేస్తూనే ఉన్నాడు, ఇక్కడ తీసేవాళ్లు లేరు. టీవీలో విశాఖ విధ్వంసం చూస్తున్నాడు గానీ తన పెంకుటిల్లు ఉందో లేదో తెలియదు. నాలుగేళ్లకు 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళానికి అదే అనుభవం చూపించింది. తుపాను పడగొట్టలేని టవరు ఆకాశంలోనే ఉంది. మండలానికి ఒకటైనా ఉపగ్రహ కనెక్షన్ ఉంటే, దాని పక్కన చార్జింగుకు ఒక సోలార్ పలక ఉంటే, "మేం బాగున్నాం" అన్న ఆ ఒక్క మాట పైకి చేరుతుంది. గని కార్మికుడికి ఉపగ్రహం అవసరమంటే గని దగ్గర ఒక్కచోటే అనుకుంటారు. అతని ఇంటి దగ్గరా అంతే అవసరం.

ఓడ మీద ఉన్న హక్కు

ఉత్తరాంధ్ర మనుషుల్ని కొండకే కాదు, సముద్రానికీ పంపింది. సోంపేట, మందస, ఇచ్ఛాపురం వైపు ఇంటికొక నావికుడు అన్నా తప్పులేదు. ఆ నావికుడికి ఇప్పుడొక హక్కుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో చేసిన నావిక కార్మిక ఒప్పందానికి 2022లో సవరణలు తెచ్చింది. అవి 2024 డిసెంబరు 23 నుంచి అమల్లోకి వచ్చాయి. ఓడ మీద పనిచేసేవాళ్లు ఇంటివాళ్లతో మాట్లాడుకునే ఏర్పాటు, వీలైన చోట ఇంటర్నెట్, తీసుకుంటే సమంజసమైన చార్జీ, ఇవన్నీ బస, భోజనం, వినోదం సరసన చేరాయి. ఆ ఒప్పందంలో మన దేశమూ ఉంది. చేపల వేటకు వెళ్లేవాళ్లకూ దారి పడింది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ 2019లో జెమిని అనే పరికరం తెచ్చింది, సెల్ సిగ్నల్ అందని నడిసముద్రంలో తుపాను హెచ్చరికను ఉపగ్రహం ద్వారా పడవకు చేరవేస్తుంది. ఆ తర్వాత రెండువైపులా సందేశం పంపగల ట్రాన్స్‌పాండర్లను పడవలకు బిగిస్తున్నారు.

రైలు ఇంజన్‌కూ ఆకాశంతో మాటలున్నాయి. ఇస్రోతో కలిసి రైల్వే తెచ్చిన ఆర్‌టీఐఎస్ పరికరాన్ని తొలి దశలో 2,700 ఇంజన్లకు బిగించారు. ఇంజన్ ఎక్కడుందో 30 సెకన్లకోసారి చెబుతుంది. ఖనిజం మోసే బండి ఏ సొరంగం దాటిందో కంట్రోల్ రూముకు తెలియాలి, నిజమే. ఆ ఖనిజం తవ్విన మనిషి షిఫ్టు దిగి క్షేమంగా గదికి చేరాడో లేదో అతని ఇంటికీ తెలియాలి.

నావికుడికి చట్టంలో రాసినది గని కార్మికుడికి ఎందుకు రాయరు? ఓడ కన్నా కొండ దగ్గరేమో అనిపిస్తుంది. వారాల తరబడి దిగిరాలేనివాడికి దూరం కిలోమీటర్లలో ఉండదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో గనులకు విమానాల్లో వెళ్లి వారాల తరబడి శిబిరాల్లో ఉండే కార్మికుల్లో ఆత్మహత్యలు కలవరపెడితే అక్కడి పార్లమెంటు కమిటీ విచారించి 2015లో నివేదిక ఇచ్చింది. ఇంటికి దూరంగా, వేళాపాళా లేని షిఫ్టుల్లో మనిషి మనసు ఎలా కుంగుతుందో ఆ దేశం బాహాటంగా మాట్లాడుకుంది. మన దగ్గర ఆ కుంగుబాటును తాగుడు ఖాతాలో రాసేసి ఊరుకుంటున్నాం.

ఉపగ్రహాలకు కరువు లేదు. మన శ్రీహరికోట నుంచే ఎల్‌వీఎం-3 రాకెట్ 2022 అక్టోబరులో 36, 2023 మార్చిలో మరో 36 వన్‌వెబ్ ఉపగ్రహాలను పైకి తీసుకెళ్లింది. అవి తిరిగేది 1,200 కిలోమీటర్ల ఎత్తులో. స్టార్‌లింక్‌వి ఇంకా కింద, 550 దరిదాపుల్లో. ఆ సంస్థకు 2025 జూన్‌లో కేంద్రం లైసెన్సు ఇచ్చింది. ఇంత దగ్గరగా తిరిగేవాటితో ఆ అర సెకను ఆలస్యం దాదాపు మాయమవుతుంది. 2024 నవంబరులో ఎగిరిన జీశాట్-ఎన్2 ఒక్కటే సెకనుకు 48 గిగాబిట్ల సామర్థ్యం ఉన్నది. ఆకాశంలో చోటుంది. కానీ కార్మికుడు తనంతట తాను కొనుక్కునే వీలే లేదు. అనుమతి లేని శాటిలైట్ ఫోను జేబులో ఉంటే మన దేశంలో నేరం. కాబట్టి గొడుగు పెట్టాల్సింది యాజమాన్యమో ప్రభుత్వమో.

పెట్టిన గొడుగు ఎవరిదన్నది అసలు ప్రశ్న. ఉత్పత్తి లెక్కలూ, బిల్లులూ, కెమెరాల బొమ్మలూ పంపడానికి గని ఆఫీసుకు లింకు ముందే కావాలి, వస్తుంది. అది ఆఫీసు గోడ దాటి కూలీల షెడ్డు దాకా రాకపోతే ఆకాశం కింద ఇద్దరు మనుషులు రెండు కాలాల్లో బతుకుతున్నట్టే: పర్మినెంట్ ఉద్యోగి నేటి కాలంలో, కాంట్రాక్టు హెల్పర్ ట్రంకు కాల్ కాలంలో. 1952 గనుల చట్టం తాగునీరు ఇవ్వాలంది, 250 మందికి మించితే కాంటీన్ పెట్టాలంది, విశ్రాంతి షెడ్డు, ప్రథమ చికిత్స గది ఉండాలంది. డెబ్బై ఏళ్ల కిందటే అవి దానాలు కావని, కార్మికుడి హక్కులని చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి కింద సంక్షేమం గురించి నియమాలు రాసేవాళ్లు ఆ జాబితాలో కాంటీన్ పక్కనే సిగ్నల్‌నూ చేర్చాలి.

డబ్బెక్కడిదంటారా? 2015 నుంచి ప్రతి గని జిల్లాలోనూ ఖనిజ ఫౌండేషన్ నిధి ఉంది. పాత లీజులైతే రాయల్టీ మీద 30 శాతం, వేలంలో వచ్చిన కొత్తవైతే 10 శాతం అందులో జమవుతుంది. అది గని చుట్టుపక్కల పల్లెలకు హక్కయిన సొమ్ము, గిరిజన గూడేలకు టవర్లూ గొడుగులూ దానితో పెట్టవచ్చు. మన కార్మికుడి ఖర్చును దాని మీద రుద్దకూడదు. అది గని యజమాని భరించాలి, కాంట్రాక్టరును పిలిచే టెండర్‌లోనే రాయాలి: పనిచోటుకూ బసకూ ఉపగ్రహం ద్వారానైనా సిగ్నల్ ఉండాలి, పర్మినెంట్, కాంట్రాక్టు తేడా లేకుండా ప్రతి కార్మికుడికీ రోజుకు అరగంట ఇంటితో మాట్లాడే వీలుండాలి, ప్రమాదం జరిగితే గంటలోపు ఇంటికి ఫోను చేయాలి, లింకు ఒక రోజుకు మించి తెగితే జరిమానా కాంట్రాక్టరు కట్టాలి, వీటికయ్యే ఖర్చులో ఒక్క రూపాయి కూడా కూలిలో కోయకూడదు.